కొరియాలో తొలి కాన్పు: బిడ్డ పుట్టాక తల్లి తయారయ్యే తీరు

దక్షిణ కొరియా పేరు ఈ మధ్య పత్రికల్లో ఎక్కువగా ఒకే ఒక అంకెతో జతపడి కనిపిస్తోంది. ఒక స్త్రీ తన జీవితకాలంలో సగటున కనే పిల్లల సంఖ్య అక్కడ 2023లో 0.72కు పడిపోయింది, 2024లో కాస్త తేరుకుని 0.75కు చేరింది. ఈ అంకె మీద జరిగే చర్చ దాదాపు పూర్తిగా పిల్లలు వద్దనుకుంటున్న స్త్రీల చుట్టూనే తిరుగుతోంది. కన్నవారి మాట ఎవరూ అంతగా ఎత్తరు. 2024లో ఆ దేశంలో సుమారు 2,38,000 మంది పిల్లలు పుట్టారు. వారిలో ప్రతి ఐదుగురికి ముగ్గురు ఆ తల్లికి మొదటి సంతానమే. కాబట్టి కొరియాలో ఇప్పుడు పురిటి మంచం మీద ఉన్నది చాలావరకు తొలిచూలు స్త్రీయే. ఆమె సగటు వయసు 33 ఏళ్లు. అప్పటికి కొన్నేళ్లపాటు ఉద్యోగం చేసి, తన సంపాదనతో, తన పేరుతో బతకడం అలవాటైనది. చిన్న కుటుంబాల్లో పెరిగినందువల్ల, ఆమె చేతుల్లోకి తీసుకున్న మొదటి పసికందు చాలాసార్లు తన సొంత బిడ్డే అవుతుంది. ఇలాంటి స్త్రీకి ‘నేను ఈ బిడ్డకు తల్లిని’ అన్న నమ్మకం ఎప్పుడు, ఎలా, ఎవరి ఆసరాతో కుదురుకుంటుందన్నదే ఈ వ్యాస విషయం.

ముందుగా ఒక చిక్కు విప్పుకోవాలి. మాతృప్రేమ, పెంపకంలో నేర్పు, తల్లినన్న అస్తిత్వ భావన అనే మూడింటినీ మనం కలగలిపి మాట్లాడుతుంటాం. ఇవి వేర్వేరు సంగతులు, వేర్వేరు వేళల్లో వస్తాయి. బిడ్డను చూడగానే గుండె కరిగిపోయిన తల్లికి కూడా నీళ్లు పోయాలంటే చేతులు వణకవచ్చు. పాలు పట్టడం, భుజాన వేసుకుని తేన్పు తెప్పించడం, గుడ్డలు మార్చడం అన్నీ చక్కగా నేర్చుకున్న తల్లికి కూడా, ఎవరో అప్పగించి వెళ్లిన బిడ్డను కనిపెట్టుకుని ఉన్నట్లే కొన్ని వారాలపాటు అనిపించవచ్చు. అస్తిత్వ భావన అన్నది వీటికి పైమాట. బిడ్డ ఏడ్చినప్పుడు చుట్టూ ఉన్నవారి ముఖాల్లోకి చూడకుండా తానే ఒక నిర్ణయానికి రాగలగడం, ఆ నిర్ణయం పొరపాటైనా తన తల్లితనం మీద తనకే అనుమానం పుట్టకపోవడం దాని గుర్తులు.

ఈ విషయాన్ని శాస్త్రీయంగా పరిశీలించినవారిలో మొదట చెప్పుకోవలసింది అమెరికాలో నర్సింగ్ ఆచార్యురాలిగా పనిచేసిన రీవా రూబిన్ పేరు. తల్లి పాత్రను స్త్రీ ఎలా అందుకుంటుందన్న దానిపై 1967లో ఆమె ప్రచురించిన పరిశీలనలు నేటికీ ఈ రంగానికి పునాదిగా ఉన్నాయి. గర్భవతి ముందు ఇతర తల్లులను చూసి అనుకరిస్తుందని, తర్వాత తన బిడ్డతో తాను ఎలా ఉంటుందో ఊహించుకుంటుందని, ఆపైన తాను చూసిన ప్రతి పద్ధతినీ తనకు నప్పుతుందో లేదో సరిచూసుకుని కొన్నింటిని ఉంచుకుని కొన్నింటిని తోసిపుచ్చుతుందని ఆమె చెప్పారు. వీటన్నిటి పక్కనే మరొక పని సాగుతుందని కూడా ఆమె గుర్తించారు. అది, వెనక్కు రాని పాత జీవితం కోసం స్త్రీ లోలోపల దుఃఖించడం. బిడ్డ కావాలని కోరి కన్న స్త్రీకి కూడా ఈ దుఃఖం ఉంటుందని, అది బిడ్డ మీద అయిష్టం కాదని తెలిస్తే ఎందరో బాలింతల గుండె బరువు తగ్గుతుందని నా నమ్మకం. రూబిన్ వద్ద చదువుకున్న రమోనా మెర్సర్ ఈ సిద్ధాంతాన్ని మరింత విస్తరించి, 2004లో దానిని సవరించారు. తల్లితనం ఒకసారి అందుకుని ముగించే పాత్ర కాదని, జీవితాంతం సాగే మార్పు అని ఆమె వాదించారు. గర్భిణిగా ఉండగా మానసికంగా సిద్ధపడటం, కాన్పు తర్వాతి మొదటి రెండు నుంచి ఆరు వారాల్లో బిడ్డతో పరిచయం పెంచుకుంటూ నేర్చుకోవడం, ఒళ్లు కోలుకోవడం, నాలుగో నెల వరకు కొత్త జీవితానికి తన పద్ధతిలో అలవాటు పడటం, సుమారు నాలుగో నెలకు తల్లినన్న భావన స్థిరపడటం అని ఆమె దశలు గుర్తించారు. ఇవి సగటు లెక్కలే. వాటిని గడువులుగా చూడకూడదు.

ఈ చట్రం అమెరికన్ స్త్రీలను చూసి తయారైనది. కొరియాలోని నర్సింగ్ పరిశోధకులు దీన్ని తమ దేశపు తల్లులకు అన్వయించి ఎన్నో అధ్యయనాలు చేశారు. దశల వరుస అక్కడా ఇంచుమించు సరిపోతుంది. కాకపోతే ఒక్కో దశలో తల్లి చుట్టూ ఉండే మనుషులు, గదులు, ఆచారాలు, మాటలు వేరు. అందుకే కొరియన్ తల్లి ఇబ్బంది పడే చోట్లు కూడా వేరు.

కొరియాలో తల్లితనపు తొలి పాఠాలు కాన్పుకు చాలా ముందే మొదలవుతాయి. బిడ్డ కడుపున పడే వేళ కుటుంబంలో ఎవరికో ఒక కల వస్తుందని అక్కడి నమ్మకం. దాన్ని తేమోంగ్ అంటారు. పులి, డ్రాగన్, పాము, పండ్లు, రత్నాలు అందులో కనిపిస్తాయని చెబుతారు. ఆ కల గర్భిణికే రావాలని లేదు. భర్తకో, అత్తగారికో, పుట్టింటి తల్లికో, స్నేహితురాలికో కూడా రావచ్చు. గర్భం నిర్ధారణ కాగానే పుట్టబోయే బిడ్డకు తేమ్యోంగ్ అనే ముద్దుపేరు పెడతారు. బలం, ప్రేమ, దీవెన వంటి అర్థాలున్న ఆ పేరుతోనే తొమ్మిది నెలలూ కడుపులోని బిడ్డను పిలుస్తారు, భర్త చేత కథలు చదివిస్తారు, ఆసుపత్రి స్కానింగు ఫొటోల కింద రాసుకుంటారు. ఊహలో ఉన్న బిడ్డకు పేరు, రూపం ఇవ్వడమంటే రూబిన్ చెప్పిన ఊహాదశకు కొరియా సమాజం ఒక చక్కని వాడుకను కల్పించినట్లే.

దీనికి తోడు తేగ్యో ఉంది. కడుపులోని బిడ్డకు తల్లి నడవడి ద్వారానే చదువు మొదలవుతుందన్న భావన ఇది. గర్భంలోనే నారదుని బోధ విన్న ప్రహ్లాదుణ్ణి, పద్మవ్యూహం గురించి విన్న అభిమన్యుణ్ణి ఎరిగిన తెలుగువారికి ఈ ఆలోచన కొత్తకాదు. కొరియాలో దీనికి 1800లో ఒక గ్రంథమే వచ్చింది. సాజుదాంగ్ యీ అనే విదుషీమణి తన పిల్లలను కని పెంచిన అనుభవంతో ‘తేగ్యో సింగి’ రాశారు. ఆమె కుమారుడు యూ హీ దానికి వ్యాఖ్యానం జోడించారు. ఆ గ్రంథంలో నాకు ఎంతో విలువైనదిగా తోచే సంగతి ఒకటుంది. గురువు పదేళ్ల చదువుకంటే తల్లి పది నెలల తేగ్యో గొప్పదని చెప్పిన ఆమె, దానికంటే ముందు తండ్రి మనసు నిర్మలంగా ఉండటం ఇంకా ముఖ్యమని రాశారు. భార్యను ఆందోళన పెట్టకుండా చూసుకోవలసింది ఇంటిల్లిపాదీ అని కూడా చెప్పారు. ఆధునిక కాలానికి వచ్చేసరికి తండ్రి, ఇల్లు అనే భాగాలు వెనక్కుపోయి, తల్లి చేయవలసిన పనుల జాబితా మాత్రం మిగిలింది. ఈనాటి కొరియన్ గర్భిణి శాస్త్రీయ సంగీతం వింటుంది, చేత్తో పసిబట్టలు కుడుతుంది, కొందరైతే లెక్కలు కూడా చేస్తారు. ఇవి ఆనందంగా చేసుకున్నంత వరకు బిడ్డతో అనుబంధం పెంచేవే. కానీ బిడ్డ పుట్టకముందే ‘నేను తగినంత చేస్తున్నానా’ అన్న ప్రశ్న మొదలయ్యేది కూడా ఇక్కడే.

ఇక కాన్పు తర్వాతి కాలం గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే కొరియా తల్లుల కథలో అసలు మలుపు అక్కడే ఉంది. పాత రోజుల్లో బిడ్డ పుట్టగానే ఇంటి వాకిలికి ఎడమవైపుగా పేనిన గడ్డితాడు కట్టేవారు. మగబిడ్డ అయితే దానికి ఎర్ర మిరపకాయలు, ఆడబిడ్డ అయితే బొగ్గు ముక్కలు, పైన్ కొమ్మలు గుచ్చేవారు. ఆ తాడు ఉన్న 21 రోజులూ బయటివారు గడప దాటకూడదు. పురుళ్లను, పసిపిల్లలను కాచే సామ్‌సిన్ హల్మోని అనే అవ్వదేవతకు అన్నం, సముద్రపాచితో చేసిన మియోక్‌గుక్ సూపు పెట్టి, అదే సూపును బాలింత చేత రోజుకు చాలాసార్లు తాగించేవారు. చలిగాలి తగిలినా, చల్లనీళ్లు ముట్టుకున్నా జీవితాంతం కీళ్లు పీకుతాయని, దాన్ని సాన్‌హూపుంగ్ అంటారని పెద్దలు హెచ్చరించేవారు. పురిటి గది, చెవుల్లో దూది, వేన్నీళ్లు, పథ్యం, 21వ రోజు బారసాల ఎరిగిన మన ఇళ్లవారికి ఇదంతా ఏదో ఎరిగున్న ఊరి కబురులాగే ఉంటుంది. అయితే ఆ ఏర్పాటులో ఒక గుణం ఉండేది. బాలింతకు వండిపెట్టే చేయి, బిడ్డను ఎత్తుకోవడం నేర్పే చేయి ఒకటే. సాధారణంగా అది పుట్టింటి తల్లిదో అత్తగారిదో అయ్యేది. మూడు వారాల విశ్రాంతిలోనే, అదే గదిలో, కళ్లముందే నేర్చుకోవడం కూడా జరిగిపోయేది.

ఇప్పుడు ఆ బాధ్యత సంస్థల చేతికి వచ్చింది. 1990ల రెండో సగంలో సాన్‌హూజోరివన్ పేరుతో బాలింతల విశ్రాంతి కేంద్రాలు పుట్టుకొచ్చాయి. నగరాల్లో అపార్ట్‌మెంట్ జీవితం, విడివిడి కాపురాలు, ఉద్యోగాల్లో ఉన్న అమ్మమ్మలు, నానమ్మలు, ఇవన్నీ కలిసి వాటిని అవసరం చేశాయి. నేడు ఐదుగురు బాలింతల్లో నలుగురికి పైగా ఆసుపత్రి నుంచి నేరుగా అక్కడికే వెళ్తారు. బస సుమారు రెండు వారాలు; ఖర్చు సగటున 28 లక్షల వాన్‌లకు పైమాటే, మన డబ్బులో లక్షన్నర రూపాయలు దాటుతుంది. బాలింతలందరూ ఒకే రంగు వదులు గౌన్లు, ఎండాకాలమైనా మేజోళ్లు వేసుకుంటారు. మూడు పూటల భోజనం, మధ్యలో చిరుతిళ్లు, దాదాపు ప్రతి పూటా మియోక్‌గుక్, ఒళ్లు మర్దనా, పాలు పడేందుకు రొమ్ము మర్దనా ఉంటాయి. పిల్లలు మాత్రం గాజు అద్దాల వెనుక పసిపిల్లల గదిలో నర్సుల సంరక్షణలో ఉంటారు. బిడ్డ లేవగానే తల్లి గదిలో ఫోను మోగుతుంది. వచ్చి పాలిస్తారా అని అడుగుతారు. ఓపిక లేకపోతే పోతపాలు పట్టమని చెప్పి మళ్లీ పడుకోవచ్చు. రోజులో కొద్ది గంటలు బిడ్డను తల్లి గదికే తెచ్చి అప్పగిస్తారు.

ఈ ఏర్పాటును తేలికగా తప్పుపట్టడం న్యాయం కాదు. కొరియాలో సగానికి పైగా కాన్పులు ఇప్పుడు సిజేరియన్లే. పొట్ట కోసి కుట్లు వేసిన మనిషికి నాలుగు రోజులు వరుసగా నిద్ర దొరకడం ఎంత అవసరమో అనుభవించినవారికే తెలుసు. అయినా ఒక సంగతి చెప్పక తప్పదు. బిడ్డతో పరిచయం పెంచుకుని నేర్చుకునే కాలమని మెర్సర్ గుర్తించిన వారాల్లోనే కొరియన్ తల్లి బిడ్డకు దూరంగా ఎక్కువ సమయం గడుపుతోంది. అంతకంటే సూక్ష్మమైన ఇబ్బంది ఇంకొకటుంది. తన చేతుల్లో గుక్కపట్టి ఏడ్చిన బిడ్డ, నర్సు ఎత్తుకోగానే నిమిషంలో ఊరుకుంటాడు. వందల మంది పిల్లలను పెంచిన చేతుల నేర్పు అది. తల్లికి మాత్రం అది తన లోపంగా కనిపిస్తుంది. పరిచయం నిజంగా మొదలయ్యేది ఇంటికి వెళ్లాకే కావడంతో, నేర్చుకోవడం, ఒంటరితనం, నిద్రలేమి మూడూ ఒకే రోజున మీదపడతాయి.

ఆ కేంద్రాలు తల్లికి ఇచ్చే మేలు మరోచోట ఉందని నేను అనుకుంటాను. పాలిచ్చే గదిలో పక్కపక్కన కూర్చున్న స్త్రీలు ఒకరి బాధ ఒకరు వింటారు. ఒకరికి పాలు పడలేదు, ఒకరి చనుమొన చిట్లింది, ఒకరు కారణం తెలియకుండా ఏడుస్తున్నారు. వారంతా ఒకే వారంలో కన్నవారు, ఒకే వయసు బిడ్డల తల్లులు. జోరివన్ బ్యాచ్‌మేట్లని తమను తాము చెప్పుకునే ఈ బృందాలు ఇంటికి వెళ్లాక కాకావోటాక్ అనే మెసేజింగ్ యాప్‌లో గ్రూపులుగా కొనసాగుతాయి. అర్ధరాత్రి మూడు గంటలకు పెట్టిన మెసేజికి నిమిషంలో జవాబు వచ్చేది అక్కడే. ఇదివరకు ఆడపడుచులు, వదినలు, ఇరుగుపొరుగు చేసిన పనిని ఇప్పుడు ఈ సమవయస్కులు చేస్తున్నారు. కోవిడ్ తర్వాత ఇన్ఫెక్షన్ భయంతో కలిసి కూర్చునే గదులను తగ్గించిన చోట్ల, ఈ మేలు తగ్గిపోవడం చిన్న నష్టం కాదు.

ఇంటికి వచ్చిన మొదటి వారాల్లో ప్రభుత్వ రాయితీతో ఒక సహాయకురాలు కొద్దిరోజులపాటు పగటిపూట వస్తుంది. ఆమె సాయంత్రం వెళ్లిపోయాక, రాత్రి మాత్రం తల్లిదే. ఎన్ని మిల్లీలీటర్లు తాగింది, ఏ వేళకు పడుకుంది, ఎన్నిసార్లు విరేచనం అయింది అని ఫోనులోని యాప్‌లో రాసుకుంటుంది. ఎత్తుకుంటే నిద్రపోయి, పడుకోబెట్టగానే లేచి ఏడ్చే బిడ్డ గురించి కొరియన్ తల్లులు వీపులో సెన్సర్ ఉందంటారు. మొదట్లో ఆ యాప్‌లోని అంకెలే ఆమెకు దిక్కు. మూడు గంటలు కాలేదు కాబట్టి ఆకలి కాదు, ఇప్పుడే మార్చాం కాబట్టి తడి కాదు అని లెక్క కట్టి ఏడుపుకు కారణం వెతుకుతుంది. కొన్ని వారాలకు ఈ క్రమం తలకిందులవుతుంది. ముందు ఏడుపు విని ఇది ఆకలి ఏడుపని గుర్తుపట్టి, పాలు పట్టాక ఎప్పుడైనా గుర్తొస్తే యాప్‌లో రాస్తుంది, లేదా రాయడం మానేస్తుంది. తల్లినన్న నమ్మకం బలపడుతున్న చోటును చూపమంటే నేను ఈ చిన్న మార్పునే చూపిస్తాను. బిడ్డ సంకేతాలను చదవగలగడం, చదివినది నిజమని బిడ్డే ఊరుకుని రుజువు చేయడం, మళ్లీ మళ్లీ జరగాలి. దీన్ని ఎవరూ తల్లి తరఫున చేసిపెట్టలేరు. దానికి కావలసిన సమయాన్ని, నిద్రను, మాట సాయాన్ని మాత్రం చుట్టూ ఉన్నవారు ఇవ్వగలరు, ఇవ్వకుండా కూడా ఉండగలరు.

పాల విషయంలో ఒత్తిడి ప్రత్యేకంగా చెప్పుకోదగినది. తల్లిపాలు మాత్రమే పట్టడం మంచి తల్లికి గుర్తుగా చలామణి అవుతున్న చోట, పాలు చాలక డబ్బాపాలు కలిపిన తల్లి తనను తాను ఓడినదానిగా లెక్కవేసుకుంటుంది. మూడు నెలల ప్రసూతి సెలవు తర్వాత ఉద్యోగంలో చేరవలసినవారికి ఇది మరీ భారం. ప్రభుత్వ సర్వేల్లో సగానికి పైగా బాలింతలు కాన్పు తర్వాత దిగులు అనుభవించామని చెబుతున్నారు. ఆ దిగులుకు హార్మోన్లు, నిద్రలేమి, ఒంటరితనం ఎంత కారణమో, ఇలాంటి కొలబద్దలు కూడా అంతే కారణం.

తల్లి ఎవరి మాట వినాలన్నది మరో చిక్కు. సొంత అమ్మతో సంబంధం ఈ కాలంలో బాగా మారిపోతుంది. పుట్టినరోజున మియోక్‌గుక్ తినడం కొరియాలో అందరికీ అలవాటు. కొరియన్ డ్రామాలు చూసే మనవారికి కూడా అది తెలిసిన దృశ్యమే. తనను కన్నప్పుడు అమ్మ తాగిన సూపు అది. ఏటా మామూలుగా తినేసిన ఆ వంటకాన్ని, బాలింతగా వారాల తరబడి తినవలసి వచ్చినప్పుడు అమ్మ పడిన కష్టం ఒంటికి తెలుస్తుంది. కూతురిగా అమ్మను అర్థం చేసుకోవడం, తల్లిగా తనను అర్థం చేసుకోవడం ఇక్కడ కలిసి సాగుతాయి. అదే సమయంలో అమ్మ చెప్పే పద్ధతులకూ వైద్యులు చెప్పేవాటికీ పొంతన కుదరదు. గది వెచ్చగా ఉంచి బిడ్డకు గట్టిగా చుట్టమని అమ్మ అంటుంది. వేడి ఎక్కువైతే ఒళ్లు పేలుతుందని డాక్టరు అంటారు. రూబిన్ చెప్పిన ఏరుకోవడం, తోసిపుచ్చడం అనే దశ కొరియాలో చాలావరకు అమ్మతో, అత్తగారితో మాటల్లోనే గడుస్తుంది.

అత్తగారి అధికారం వెనుక ఒక చరిత్ర ఉంది. ఒక తరం కిందట కొరియాలో కోడలి స్థానం కొడుకు పుట్టడంతో స్థిరపడేది. 1990లో ప్రతి 100 మంది ఆడపిల్లలకు 116.5 మంది మగపిల్లలు పుట్టారంటే ఆ కోరిక ఎంత క్రూరంగా పనిచేసిందో ఊహించవచ్చు. మన దేశంలో ఈ గాయం ఇంకా మానలేదు. కొరియాలో మాత్రం పరిస్థితి మారింది. మగవాడినే ఇంటి పెద్దగా నమోదు చేసే హోజు పద్ధతి 2008 ప్రారంభంతో రద్దయింది, పుట్టేవారి నిష్పత్తి సహజ స్థాయికి వచ్చింది. ఇది స్త్రీలకు దక్కిన గొప్ప విముక్తి. అయితే ఆనాటి తల్లికి కొడుకు పుట్టడమే తిరుగులేని యోగ్యతాపత్రంగా ఉండేది. నేటి తల్లికి అలాంటి పత్రం ఏదీ ఒక్కసారిగా చేతికి రాదు. పిల్లను ఎలా పెంచుతున్నదన్న దాని మీద రోజూ ఆమెను కొలుస్తారు. కొలిచేవారు కూడా మారారు. అత్తగారి స్థానంలో టీవీలో కనిపించే పెంపక నిపుణులు, పిల్లల మానసిక వైద్యులు, ఊరూరా ఉన్న ‘మామ్‌కఫే’ ఆన్‌లైన్ బృందాలు చేరాయి. వాటిలో దొరికే సలహా విలువైనదే. కానీ వంద ఇళ్ల ఉయ్యాలలు, వంద మంది బిడ్డల ఎదుగుదల ఒకేసారి కనిపించే చోట పోల్చుకోకుండా ఉండటం తొలిచూలు తల్లికి చాలా కష్టం.

వందో రోజు దగ్గర ఒక మంచి ఊరట ఉంది. బేగిల్ అనే ఆ రోజున తెల్లని బియ్యప్పిండి రొట్టెలు ఆవిరిపై ఉడికించి పంచుతారు. వంద ఇళ్లకు పంచితే బిడ్డకు ఆయుష్షని పాతకాలపు నమ్మకం. శిశుమరణాలు ఎక్కువగా ఉన్న రోజుల్లో బిడ్డ గండం గడిచిందన్న పండుగ అది. ఇప్పుడు దాని అర్థం మెల్లగా తల్లి వైపు జరిగింది. వంద రోజుల అద్భుతం అని తల్లులు చెప్పుకునేది బిడ్డ రాత్రంతా నిద్రపోవడం మొదలుపెట్టడాన్ని. బిడ్డ మనిషిని గుర్తుపట్టి నవ్వేది కూడా ఇంచుమించు ఈ కాలంలోనే. మెర్సర్ నాలుగు నెలలని చెప్పిన కాలానికి ఈ పండుగ దగ్గరగా రావడం నాకు యాదృచ్ఛికమనిపించదు. ఏ సమాజంలోనైనా తల్లి కాస్త తేరుకునే వేళను పెద్దలు గమనించే ఉంటారు.

అయితే తల్లి అయిన కొద్దీ మరొకటి చేజారుతుంది. కొరియాలో పెళ్లయినా స్త్రీ తన ఇంటిపేరు మార్చుకోదు. పుట్టిన పేరుతోనే ఉంటుంది. కానీ బిడ్డ పుట్టాక బయటివారు ఆ పేరుతో పిలవడం మానేసి, ఫలానా బిడ్డ అమ్మ అని పిలుస్తారు. పిల్లల ఆసుపత్రిలో, పార్కులో, పక్క ఫ్లాటువారి నోట అదే పిలుపు. కొందరికి మొదట్లో ఆ పిలుపు గర్వంగా ఉంటుంది, ఎందుకంటే లోపల ఇంకా కుదరని నమ్మకాన్ని బయటివారు ముందే ఒప్పుకున్నట్లు ఉంటుంది. నెలలు గడిచాక, తన పేరు ఎవరి నోటా వినపడని రోజుల్లో, అదే పిలుపు బరువనిపిస్తుంది. దీని వెనుక వివేకవంతురాలైన తల్లి, మంచి ఇల్లాలు అనే పాత ఆదర్శం ఉంది. 2009లో 50,000 వాన్‌ల నోటు మీద 16వ శతాబ్దపు చిత్రకారిణి షిన్ సాయిమ్‌దాంగ్ బొమ్మ వేసినప్పుడు స్త్రీవాదులు అభ్యంతరం చెప్పింది ఇందుకే. 5,000 వాన్‌ల నోటు మీద ఉన్న తత్వవేత్త యుల్గోక్ ఆమె కుమారుడు. ఆమె గీసిన గొల్లభామలు, కీటకాలు, పూలు ఎంత అందమైనవైనా, ప్రజల మనసులో ఆమె ముందుగా ఆయనను పెంచిన తల్లి. చిత్రకారిణిగా గౌరవించదగిన స్త్రీని కూడా తల్లిగానే గుర్తుంచుకునే దేశంలో, ఇంజినీరుగానో బ్యాంకు ఉద్యోగిగానో ఉన్న కొత్త తల్లి తన రెండు గుర్తింపులనూ కలిపి నిలుపుకోవడానికి ఎంత పెనుగులాడాలో ఆలోచించాలి. రూబిన్ చెప్పిన దుఃఖం తాత్కాలికమైనది. పాత తనలో కొంత భాగం తిరిగి వస్తుందన్న ఆశ ఉన్నప్పుడే అది తీరుతుంది. పిల్లల కోసం ఉద్యోగం మానేసిన స్త్రీకి అదే స్థాయిలో తిరిగి ప్రవేశం దొరకని చోట, ఆ దుఃఖం తీరే దారి మూసుకుపోతుంది.

తండ్రి పాత్ర ఇక్కడ నిర్ణాయకం. బిడ్డ భారమంతా ఒక్కరి నెత్తిన పడటాన్ని అక్కడి స్త్రీలు ‘తోక్‌బాక్ యుగా’ అంటారు. భర్త రాత్రి పది దాటాక ఇంటికి వచ్చే ఉద్యోగ సంస్కృతి నుంచి పుట్టిన మాట అది. ఇందులో నిజమైన కదలిక కనిపిస్తోంది. 2024లో పిల్లల సంరక్షణ సెలవు తీసుకున్నవారిలో పురుషుల వాటా మొదటిసారి 30 శాతం దాటింది. 2025 ఫిబ్రవరి నుంచి కాన్పు వేళ భర్తకిచ్చే సెలవు 10 నుంచి 20 రోజులకు పెరిగింది. తల్లిదండ్రులిద్దరూ కనీసం మూడేసి నెలలు సెలవు తీసుకుంటే ఒక్కొక్కరికి ఏడాదిన్నర వరకు వీలుంది. తండ్రి ఇంట్లో ఉంటే తల్లికి విశ్రాంతి దొరుకుతుందన్నది ఒక్కటే కాదు. తెలియనితనాన్ని ఇద్దరూ పంచుకుంటారు. ‘నాకు తెలియదు, నీకూ తెలియదు, చూద్దాం’ అనుకోగలిగిన ఇంట్లో తల్లి తన తడబాటును లోపంగా చూసుకోదు.

ఇప్పటివరకు చెప్పిన దారి అందరికీ తెరిచి ఉన్నది కాదు. వియత్నాం, చైనా, ఫిలిప్పీన్స్ వంటి దేశాల నుంచి పెళ్లి చేసుకుని వచ్చిన స్త్రీలు కొరియాలో ఎందరో ఉన్నారు. వారు తమ పుట్టింటి పురిటి పద్ధతులను వదిలి, ఇంకా పూర్తిగా రాని భాషలో తల్లులు కావలసి వస్తుంది. జోలపాట ఒక భాషలో, డాక్టరుతో మాట ఇంకో భాషలో సాగుతాయి. బిడ్డ పెంపకానికి సాయంగా వారి తల్లిదండ్రులను పిలిపించుకునే వీసా సౌకర్యాన్ని కొరియా కల్పించింది. కూతురి పురుడు కోసం అమెరికాకు విజిటర్ వీసా మీద వెళ్లే తెలుగు తల్లులను చూసినవారికి ఆ కొద్ది నెలలు కూతురికి ఎంత బలమో చెప్పనక్కర్లేదు.

పెళ్లి కాకుండా తల్లులైనవారి కథ మరింత బాధాకరం. కొరియా యుద్ధం తర్వాతి దశాబ్దాల్లో సుమారు 2,00,000 మంది పిల్లలను దత్తతకు విదేశాలకు పంపారు. వారిలో చాలామంది పెళ్లికాని తల్లుల బిడ్డలు. ఈ దత్తతల్లో మానవ హక్కుల ఉల్లంఘన జరిగిందని, అందుకు రాజ్యం బాధ్యత ఉందని కొరియా సత్యశోధన కమిషన్ 2025 మార్చిలో తేల్చింది. బిడ్డను కన్న కొన్ని రోజుల్లోనే తల్లి కాకుండా చేయబడ్డ స్త్రీలకు, మనం చెప్పుకున్న దశలేవీ దాటే అవకాశమే దొరకలేదు. ఇప్పుడు పరిస్థితి మెల్లగా మారుతోంది. 2024లో పుట్టిన పిల్లల్లో 5.8 శాతం మంది పెళ్లి చేసుకోని తల్లిదండ్రులకు పుట్టినవారు. అంతకు ముందు ఎన్నడూ ఇంత ఎక్కువ లేదు. మే 11ను ప్రభుత్వం దత్తత దినంగా జరుపుతుంటే, 2011 నుంచి ఒంటరి తల్లులు, దత్తతకు వెళ్లి తిరిగి వచ్చినవారు కలిసి అదే రోజును ఒంటరి తల్లుల దినంగా జరపడం మొదలుపెట్టారు. ఆ పోరాటం ఫలితంగా 2019 నుంచి ప్రభుత్వం మే 10ను ఒంటరి తల్లిదండ్రుల కుటుంబాల దినంగా అధికారికంగా పాటిస్తోంది. దత్తత దినానికి సరిగ్గా ముందు రోజును ఎంచుకోవడంలోని ఉద్దేశం, బిడ్డను కన్నవారి దగ్గరే పెంచుకునేందుకు తోడ్పడటం దత్తత కంటే ముందు రావాలన్నది.